తాడిపత్రి గ్రానైట్ యూనిట్‌లో పని: ఏ మాస్కు కొనాలి, ఇంకా ఏం కావాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. ఇక్కడే ఒక గ్రానైట్ యూనిట్‌లో చేరాడు. చేతి గ్రైండర్‌తో ఎడ్జ్ కటింగ్, పాలిష్ పని. ఓనర్ ఒక హెల్మెట్, కొన్ని గుడ్డ మాస్కులు ఇచ్చాడు. వీడేమో మూతికి తువ్వాలు చుట్టుకుని చేస్తున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే జుట్టు, కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి. రోజూ ఇంత బెల్లం తింటే దుమ్మంతా దిగిపోతుందని తోటివాళ్ళు చెప్పారట. ఏ మాస్కు కొనిపెట్టమంటారు? ఇంకేం సామాన్లు కావాలి?

సమాధానం:

అమ్మా, ముందు బెల్లం సంగతి తేల్చేద్దాం. బెల్లం గొంతు దిగి కడుపులోకి పోతుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ వేర్వేరు దార్లు. సిమెంట్ ఫ్యాక్టరీల్లో, క్రషర్ల దగ్గర, పాలిష్ యూనిట్లలో ఎక్కడికెళ్ళినా ఈ మాట వినపడుతుంది. కొన్నిచోట్ల బెల్లం బదులు అరటిపండు అంటారు. తినొద్దని నేననను, గొంతులో గరగర కాస్త తగ్గుతుంది, కష్టం చేసేవాడికి ఓపికా వస్తుంది. కానీ బెల్లం తింటున్నాం కదా అని మాస్కు పక్కన పడేసేవాళ్ళని చూశాను, అందుకే మొదట ఇదే రాస్తున్నా.

నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల పాలిష్ యూనిట్ల వాళ్ళు పిలిస్తే వెళ్ళి చూసి, తోచింది చెప్పి వస్తుంటాను. మీరడిగిన మాస్కు పేరు ఇప్పుడే చెప్పేస్తా: కనీసం ఎఫ్ఎఫ్‌పీ2 రకం. తల వెనక రెండు పట్టీలు పడేది, ఐఎస్ 9473 అనే భారత ప్రమాణం నంబరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నది చూసి తీసుకోండి. ఎన్95 అన్నా దాదాపు అదే పని చేస్తుంది. అయితే మీ తమ్ముడు గ్రానైట్‌ని పొడిగా కోస్తుంటే మాత్రం ఈ మాస్కు ఒక్కటీ వాణ్ణి కాపాడదు. ఎందుకో చెప్తాను, అప్పుడు ఓనర్‌ని ఏం అడగాలో, మీ చేతి డబ్బు దేనికి పెట్టాలో తెలుస్తుంది.

తాడిపత్రి వాళ్ళకి రాయి కొత్త కాదు. తాతల కాలం నుంచి నాపబండలు చూస్తూనే ఉన్నారు. "మా నాయన ముప్పై ఏళ్ళు బండల్లో చేశాడు, ఏమైంది?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నాపబండ సున్నపురాయి జాతి. దాంట్లో సిలికా తక్కువ. సిలికా అంటే ఇసుకలో ఉండే ఖనిజం, ఊపిరితిత్తుల్ని పాడుచేసేది అదే. ఆ దుమ్ము మంచిదని కాదు, కానీ గ్రానైట్ దుమ్ముతో పోల్చే లెక్క కాదు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, అది సిలికాయే. బూడిదరంగు, ఎరుపు, గులాబీ గ్రానైట్లలో మామూలుగా నాలుగో వంతు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. మార్కెట్లో నల్ల గ్రానైట్ అని అమ్మే రాళ్ళలో చాలావాటికి క్వార్ట్జ్ తక్కువే, నిజానికి అవి వేరే జాతి రాళ్ళు. కానీ ఈరోజు నల్ల రాయి వచ్చిన యూనిట్‌కి రేపు బూడిద రాయి వస్తుంది, కూలీకి ఎవరూ చెప్పరు. కాబట్టి వచ్చిన ప్రతి రాయీ క్వార్ట్జ్ రాయే అనుకుని పని చేసుకోవాలి. కిచెన్‌లకి వేసే కృత్రిమ క్వార్ట్జ్ స్లాబులు మీ తమ్ముడి యూనిట్‌కి వస్తున్నాయేమో కనుక్కోండి. వాటిలో సిలికా తొంభై శాతం దాకా ఉంటుంది. కుర్రవాళ్ళకే ఊపిరితిత్తులు పాడవుతున్నాయని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ స్లాబుల్నే నిషేధించింది.

మీరు జుట్టులో చూస్తున్న తెల్లటి దుమ్ముని నేను పెద్దగా లెక్కచేయను. అది ముతక దుమ్ము. ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, ఉమ్మితే, చీదితే పోతుంది. ప్రమాదం కంటికి ఆనని సన్న దుమ్ముది. ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు కణాలు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్ళిపోతాయి. అక్కడికి చేరిన సిలికా కరగదు, బయటికి రాదు. శరీరం దాన్ని అరిగించుకోబోయి ఓడిపోయి చుట్టూ గట్టి కణుపులు కడుతుంది. అదే సిలికోసిస్. మామూలుగా పదేళ్ళ పైన పట్టే జబ్బు. దుమ్ము మరీ ఎక్కువైతే ఐదారేళ్ళలోనే బయటపడుతుంది, అంతకంటే ముందు వచ్చినవీ ఉన్నాయి. వచ్చాక తగ్గించే మందు లేదు. పని మానేసినా కొందరిలో ముదురుతూనే ఉంటుంది. దానికి తోడు సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ తొందరగా అంటుకుంటుంది.

అమెరికాలో 2016లో పెట్టిన పరిమితి ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సన్న సిలికా మించకూడదు. అది ఇంచుమించు ఒక్క ఉప్పు రవ్వ బరువు. గ్రైండర్‌తో గ్రానైట్‌ని పొడిగా కోసేచోట గాలి ఈ గీతకి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. ఇప్పుడు మాస్కు లెక్క చూడండి. ఎఫ్ఎఫ్‌పీ2 మొహానికి చక్కగా అతుక్కుంటే లోపలికి పోయే దుమ్ము పదో వంతుకి దిగుతుందని సేఫ్టీ వాళ్ళ లెక్క. బయట గీతకి ముప్పై రెట్లు ఉంటే, మంచి మాస్కు పెట్టుకున్నా లోపల మూడు రెట్లు పీలుస్తున్నట్టే. తువ్వాలు, గుడ్డ మాస్కు, నీలం సర్జికల్ మాస్కు ఈ లెక్కలోకే రావు. అవి ముతక దుమ్ముని ఆపుతాయి, పక్కల సందుల్లోంచి సన్నది లోపలికి పోతూనే ఉంటుంది.

అందుకే ముందు నీళ్ళు. బ్లేడు రాయిని తాకేచోట నీళ్ళు పడాలి, దుమ్ము లేవకముందే బురదైపోవాలి. పెద్ద కటింగ్ మిషన్లకి, పాలిష్ మిషన్లకి నీళ్ళ పైపు ఎలాగూ ఉంటుంది. మొత్తం యూనిట్‌లో పొడిగా జరిగే పని చాలాచోట్ల ఒక్కటే, మీ తమ్ముడు చేసే ఈ చేతి గ్రైండర్ పని. సింక్ కోసం రంధ్రం, అంచుల గుండ్రం, మూలల సరిచేత. షెడ్డు మొత్తం తడిగా ఉంటుంది, ఆ ఒక్క మూల మాత్రం పొగలు పోతుంటుంది. వాడు అక్కడే రోజంతా కూచుంటాడు.

అలాగని మామూలు కరెంటు గ్రైండర్ మీద మగ్గుతో నీళ్ళు పోయించొద్దు. దుమ్ము నుంచి తప్పించుకుని కరెంటుకి చిక్కుకుంటాడు. తడి పనికి గాలితో నడిచే గ్రైండర్లుంటాయి, మధ్యలోంచి నీళ్ళు వచ్చే ఏర్పాటుతో. కంప్రెసర్ ఉన్న యూనిట్‌కి అవి పెద్ద ఖర్చేం కాదు. కరెంటుదే వాడక తప్పకపోతే తడి పని కోసమే చేసింది కావాలి. ఆ లైనుకి కరెంటు లీకైతే 30 మిల్లీయాంపుల్లోనే పడిపోయి లైను ఆపేసే స్విచ్చి, ఆర్‌సీసీబీ ఉండాలి (మన ఎలక్ట్రీషియన్లు ఇంకా ఈఎల్‌సీబీ అనే అంటారు, ఏదన్నా అర్థమవుతుంది). దానికి టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. వైరుకి చుట్టిన ఇన్సులేషన్ టేపు బురదలో నానుతోందంటే ఆ వైరు మార్చాల్సిందే. నీళ్ళు కుదరనిచోట గ్రైండర్‌కి తొడుగు బిగించి వ్యాక్యూమ్‌తో పీల్చే పద్ధతి ఉంది. సరైన ఫిల్టర్ ఉంటే బాగానే పనిచేస్తుంది. ఫ్యాను పెట్టి దుమ్ముని అవతలికి కొట్టడం మాత్రం పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి పంపడమే.

మీ తమ్ముడు నమ్మకపోతే ఒక పని చేయమనండి. సాయంత్రం పని ఆగబోయే ముందు షెడ్డు చీకటి మూలలో నిలబడి, అవతలి వైపునుంచి ఒకర్ని సెల్‌ఫోన్ టార్చి తనవైపు కొట్టమనాలి. లైటు నేరుగా కంట్లో పడకుండా చేత్తో అడ్డుపెట్టుకుని ఆ వెలుగు పక్కగా చూస్తే, అంతదాకా శుభ్రంగా ఉందనుకున్న గాలి పొగలా కదులుతూ కనిపిస్తుంది. గ్రైండర్ ఆపి పావుగంటైనా అది అలాగే తేలుతుంటుంది. గ్రైండర్ ఆగగానే మాస్కు తీసేసి అక్కడే టీ తాగే అలవాటు చాలామందికి ఉంది, దీన్ని ఒకసారి చూసినవాళ్ళు టీ గ్లాసు పట్టుకుని బయటికి నడుస్తారు.

ఇప్పుడు మాస్కు పెట్టుకునే తీరు. పై పట్టీ తల వెనక పైభాగాన, కింది పట్టీ చెవుల కింద మెడ మీద. రెండూ మెడ మీదికి లాక్కుంటే మాస్కు పైన సందు పడుతుంది. ముక్కు మీది రేకుని రెండు చేతుల వేళ్ళతో రెండు పక్కలా సమంగా నొక్కాలి. ఒక చేత్తో గిల్లితే నడుమ మడత పడి గాలి కారుతుంది. తర్వాత రెండు అరచేతులూ మాస్కు మీద పెట్టి గట్టిగా ఊపిరి వదిలి చూడాలి. కళ్ళవైపు గాలి తగిలితే రేకు సరిగ్గా కూర్చోలేదు, చెంపలకి తగిలితే పట్టీలు వదులు. లోపలికి పీల్చినప్పుడు మాస్కు కొద్దిగా మొహానికి అతుక్కోవాలి. చెవులకి తగిలించుకునే రబ్బరు మాస్కు మీద ఎన్95 అని అచ్చువేసి ఉన్నా ఈ పనికి వద్దు, అది ఇంత బిగువుగా కూర్చోదు.

గడ్డం ఉంటే ఈ కష్టమంతా వృథా. రెండు మూడు రోజుల మొలక కూడా మాస్కు అంచుని లేపేస్తుంది. మీసం మాస్కు లోపల ఉంటే పర్వాలేదు, అంచు తగిలే చెంపలు, గడ్డం కింద భాగం నున్నగా ఉండాలి. మన దగ్గర అయ్యప్ప మాల వేసుకునే కుర్రాళ్ళు చాలామంది, నలభై ఒక్క రోజులు గడ్డం తీయరు. మతాచారంగా గడ్డం ఉంచుకునే ముస్లిం సోదరులూ ఈ పనిలో బాగానే ఉన్నారు. వాళ్ళతో గడ్డం గురించి వాదన పెట్టుకోవడం అనవసరం. తలమీంచి వదులుగా కప్పి మోటారుతో ఫిల్టర్ గాలి ఇచ్చే హుడ్లు ఉన్నాయి, గడ్డం ఉన్నా పనిచేస్తాయి. వాటి ధర చిన్న యూనిట్లు భరించేది కాదు. జరిగే పని ఏంటంటే, మేస్త్రీతో మాట్లాడి మాల ఉన్నన్నాళ్ళూ తడి కటింగ్ వైపో, లోడింగ్ లెక్కల దగ్గరో వేయించుకోవడం. చెబితే చాలామంది మేస్త్రీలు ఒప్పుకుంటారు, వాళ్ళూ మాల వేసేవాళ్ళే.

మాస్కుని ఉతకొద్దు. దాని నడుమ పొరకి ఉన్న విద్యుదావేశమే సన్న దుమ్ముని లాగిపట్టేది. సబ్బునీళ్ళు, శానిటైజర్ తగిలితే అది పోతుంది, చూడ్డానికి మాత్రం కొత్తదానిలా తెల్లగా ఉంటుంది. తడిసినా, పట్టీ సాగినా, ఊపిరి బరువుగా అనిపించినా మార్చేయాలి. ఈ పనిలో రోజుకొకటి అనుకోండి. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నానికి చెమటతో ముద్దవుతుంది, అప్పుడు రెండోది. ముందు వైపు చిన్న వాల్వు ఉన్నవి తీసుకుంటే లోపల వేడి తక్కువ. ఇలా రోజూ కొనడం కంటే, ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు సగం మాస్కు మేలని నా అభిప్రాయం. మొదట వెయ్యి, రెండు వేలు ఎక్కువనిపించినా కొన్ని నెలల్లో లెక్క సరిపోతుంది, మొహానికి అంచు కూడా బాగా పడుతుంది. రబ్బరు భాగాన్ని రోజూ కడుక్కోవచ్చు, ఫిల్టర్‌ని కడగకూడదు. సైజులుంటాయి, సన్న మొహం కుర్రాడికి పెద్ద సైజు అంటగడితే గడ్డం కింద గాలి కారుతుంది. త్రీఎం, వీనస్ లాంటివి వెల్డింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. వాణ్ణే తీసుకెళ్ళి పెట్టించి చూసి కొనండి, ఆన్‌లైన్‌లో సైజు చూడకుండా తెప్పించొద్దు.

ఓనర్లు నాతో ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: "ఇస్తాం సార్, వీళ్ళే పెట్టుకోరు." అది అబద్ధమేం కాదు. ఎందుకు పెట్టుకోరో గమనిస్తే మూడే కనపడ్డాయి నాకు. ఉక్క, సెల్‌ఫోన్, నోట్లో ఏదో ఒకటి. గుట్కా, జర్దా నమిలేవాడు ప్రతి పది నిమిషాలకీ మాస్కు కిందికి లాగి ఉమ్ముతాడు, దుమ్ము చేతితోనే మళ్ళీ పైకి లాగుతాడు. బీడీ తాగేవాడిదీ అదే కథ, పైగా సిలికా, బీడీ పొగ కలిస్తే ఊపిరితిత్తులకి చేటు ఇంకా ఎక్కువ. గంటలో పది నిమిషాలు మాస్కు తీస్తే మాస్కు విలువ సగానికి పైగా పోతుంది. మీ తమ్ముడికి ఈ అలవాట్లు లేకపోతే అదృష్టం, ఉంటే మాస్కు కంటే ముందు వాటి గురించి ఇంట్లో మాట్లాడండి. ఉక్కకి మాత్రం వాణ్ణి తప్పుపట్టలేం. పొడి పనిని పొద్దున్నే చల్లబాటున ముగించుకోవడం, గంటకోసారి బయటికొచ్చి నీడలో మాస్కు తీసి నీళ్ళు తాగడం, మజ్జిగో ఓఆర్ఎస్సో దగ్గర ఉంచుకోవడం. ఇవి కుదిర్చితే కుర్రాళ్ళు పెట్టుకుంటారు.

కళ్ళకి ముందు వైపే కాక పక్కలు కూడా మూసుకుపోయే గాగుల్స్ కావాలి, ఐఎస్ 5983 ఉన్నవి. నల్ల కళ్ళద్దాలు, చూపు కళ్ళద్దాలు పనికిరావు. తడి పనిలో ఇవి ఆవిరిపట్టి ఇబ్బంది పెడతాయి, యాంటీఫాగ్ అని రాసినవి కాస్త నయం. కంట్లో రవ్వ పడితే నలపకూడదు, నాలుకతో తీయించుకోవడం, చీర కొంగుతో తీయించుకోవడం వద్దు. శుభ్రమైన నీళ్ళతో కడిగి, పోకపోతే కంటి డాక్టర్ దగ్గరికి.

గ్రైండర్ గురించి ఒక లెక్క. నాలుగంగుళాల డిస్కు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకి రెండు వందల కిలోమీటర్లు. అది పగిలితే ముక్క వచ్చే వేగం అది. గాగుల్స్ దాన్ని పూర్తిగా ఆపలేవు, ఆపేది గ్రైండర్‌కి ఉండే ఇనుప గార్డు. చాలా యూనిట్లలో అడ్డమని దాన్ని పీకి మూలన పడేసి ఉంటారు. మీ తమ్ముడి గ్రైండర్‌కి గార్డు ఉందో లేదో ఈరోజే అడగండి. ఐదంగుళాల బ్లేడు పట్టించడానికే గార్డు తీస్తారు తరచుగా. అలా పట్టించడమే తప్పు, బ్లేడు మీద రాసిన చుట్ల సంఖ్య గ్రైండర్ చుట్ల కంటే తక్కువగా ఉంటే ఇంకా ప్రమాదం. జిగురుతో గట్టిపరిచి చేసే రాపిడి డిస్కుల నడుమ ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. ఎవరూ చూడరు, చూడమనండి. ఇక ఆ తువ్వాలు. మెడలో, మూతికి వేలాడే గుడ్డ ఏదైనా తిరిగే మిషన్ దగ్గర ఉరితాడే. మాస్కు సంగతి పక్కనబెట్టినా ఇందుకోసమైనా అది మానాలి.

చేతులకి చేతికి పట్టినట్టుండే గ్లౌజులు, స్లాబ్ అంచులు కోయకుండా. స్టాండు డ్రిల్ దగ్గర మాత్రం గ్లౌజులు వేసుకోకూడదు, దారం పోగు చిక్కినా చేతిని లోపలికి లాగేస్తుంది. చెవులకి ఫోమ్ ప్లగ్గులు. దూది పెట్టుకుంటే శబ్దం ఆగదు. ప్లగ్గుని వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే ప్లగ్గు అవసరమని గుర్తు.

హెల్మెట్ ఇచ్చారన్నారు, మంచిదే. కూచుని గ్రైండర్ పట్టే పనిలో దాని అవసరం తక్కువ, క్రేను కింద, లోడింగ్ దగ్గర ఎక్కువ. అసలు చిత్రం ఏంటంటే, ఇచ్చేది తక్కువ ఖర్చుది, బయటికి కనపడేది కాబట్టి అందరూ మొదట హెల్మెటే ఇస్తారు. ఎండకి పెళుసెక్కిందైనా, ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదైనా మార్చాలి.

బూట్ల దగ్గర కొంచెం ఆగుతాను. ముందు ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు, ఐఎస్ 15298 ఉన్నవి, 200 జౌళ్ళ దెబ్బ తట్టుకుంటాయి. అంటే మీటరు ఎత్తునుంచి ఇరవై కిలోల బరువు పడినట్టు. బురదలో పని కాబట్టి ఇనుప ముక్కు ఉన్న గమ్‌బూట్లు ఇంకా నయం. చెప్పులేసుకుని స్లాబులు జరిపేవాళ్ళ బొటనవేళ్ళు చూస్తే బూట్ల విలువ వేరే చెప్పనక్కర్లేదు. కానీ స్లాబ్ బరువు కూడా లెక్కేయండి. ఇరవై మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు మీటరుకి యాభై కిలోల పైన తూగుతుంది. పదడుగులు బై ఆరడుగుల స్లాబ్ మూడు వందల కిలోలు. అలాంటివి స్టాండుకి ఆనించి పది పన్నెండు నిలబెడతారు. ఒకటి వాలితే మిగతావీ వస్తాయి. అప్పుడు హెల్మెట్ గానీ బూట్లు గానీ దేనికీ పనికిరావు. ఈ పనిలో జరిగే ప్రమాదాల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ స్లాబులే. వాటి నడుమ నిలబడకూడదు, వాలే వైపు ఎప్పుడూ ఉండకూడదు, జారుతున్న స్లాబ్‌ని చేతుల్తో ఆపబోకూడదు. అది పగిలిపోతే ఓనర్‌కి నష్టం, అంతే. ఈ చివరి మాట వాడికి గట్టిగా చెప్పండి, కుర్రతనంలో ఆపాలనే అనిపిస్తుంది.

ఇంటి దగ్గర మీరు చేయగలిగింది ఒకటుంది. పని బట్టలు అక్కడే విప్పి, వేరే బట్టల్లో ఇంటికి రమ్మనండి. కుదరకపోతే ఆ బట్టల్ని ఇంట్లో దులపొద్దు, నేరుగా బకెట్ నీళ్ళలో ముంచి తర్వాత ఉతకండి. దులిపితే ఆ దుమ్ము పీల్చేది మీరో మీ అమ్మగారో. యూనిట్‌లో కంప్రెసర్ గాలితో ఒంటి మీది దుమ్ము ఊదుకునే అలవాటు ఉంటుంది. దుమ్ము మళ్ళీ గాలిలోకి లేస్తుంది, కంట్లోకి, చెవిలోకి పోయే ప్రమాదమూ ఉంది. ఆ గాలిని సరదాకి ఒకరి మీద ఒకరు కొట్టుకోవడం వల్ల పేగులు చిట్లి చనిపోయిన సంఘటనలున్నాయి. పొడిగా చీపురు పట్టడం కూడా అంతే, నీళ్ళు చల్లి ఊడ్చాలి.

ఖర్చు ఎవరిదన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే దుమ్ముని పుట్టినచోట ఆపే బాధ్యత 14వ సెక్షన్‌లో, కళ్ళ రక్షణ 35వ సెక్షన్‌లో ఉండేవి. చట్టప్రకారం ఇవ్వాల్సిన సామగ్రికి కూలీ దగ్గర పైసా తీసుకోకూడదని 114వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ భద్రత పేరిట కూలీ మీద ఖర్చు వేయకూడదన్న నియమం ఉంది. అయినా చేరిన మొదటి నెలలో కుర్రాడు ఒక్కడే వెళ్ళి సెక్షన్లు చదివితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. నలుగురు కలిసి, మేస్త్రీని ముందు పెట్టుకుని, మాస్కుల దగ్గర మొదలుపెట్టకుండా నీళ్ళ గ్రైండర్ అడగండి. డిస్కులు, బ్లేడ్లు చల్లగా నడిచి ఎక్కువకాలం వస్తాయి, అంచు పాలిష్ బాగా వస్తుంది. ఓనర్ వినే భాష అది. మాస్కు మాత్రం ఆయన ఇచ్చేదాకా ఆగకండి, రేపే కొనండి.

పదిమంది, అంతకు మించి పనిచేసే యూనిట్ అయితే, జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ ఉండాలి. జీతంలో 0.75 శాతం కట్ అవుతోందా, ఈఎస్ఐ నంబర్ ఇచ్చారా కనుక్కోండి. సిలికోసిస్ పాత ఈఎస్ఐ చట్టంలోనూ, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోనూ వృత్తి జబ్బుల జాబితాలో ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి వాటి స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. పరిహారం రావాలంటే ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ పని చేశాడో చూపించాలి. అందుకే హాజరు కార్డు, జీతం చీటీ, ఫోన్‌పేలో జీతం పడ్డ వివరాలు, ఏదైనా సరే పారేయకుండా ఉంచమనండి.

దగ్గు రెండు వారాలు దాటినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మొదటి మాటగా "గ్రానైట్ కోస్తాను" అని చెప్పాలి. ఇది చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకుని మందులు మొదలుపెట్టే అవకాశం ఉంది. టీబీ నిజంగానే ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. కళ్ళె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, అది చేయించాకే తేలాలి. అనంతపురం పెద్దాసుపత్రిలో ఛాతీ డాక్టర్లు ఉంటారు.

వాడు చేరింది ఈ మధ్యే కాబట్టి ఇప్పుడే ఒక ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష చేయించండి. దాన్ని స్పైరోమెట్రీ అంటారు. ఇప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, అందుకే ఇప్పుడు తీయించాలి. రెండేళ్ళ తర్వాత తీసినదాన్ని పోల్చడానికి ఇది కావాలి. ఫిల్మ్ మీద తేదీ, పనిలో చేరిన నెల రాసి, మడత పెట్టకుండా బీరువాలో బట్టల కింద పెట్టండి. సీడీ ఇస్తే దాన్నీ, రిపోర్టు కాగితాన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి.